నడిమి దారి లేని గుడి

కిందటి శనివారం మా అమ్మాయిని వాళ్ళ క్లాసు పిల్ల పుట్టినరోజుకి తీసుకెళ్ళాను. తాళ్ళు కట్టుకుని గోడలెక్కే చోట పార్టీ. ఈ మధ్య పిల్లల పుట్టినరోజులన్నీ ఏదో ఒకటి ఎక్కడమో, ఎక్కడినుంచో దూకడమో లేకుండా జరగడం లేదు. ఊరి పేరు కూడా సరిగ్గా చూసుకోకుండా, ఫోను చెప్పిన దారినే డండాక్ ఊరు దాటి పోయాను. కారు దిగి తలెత్తి చూస్తే అది మా గుడి, చిన్నప్పుడు మేం ఆరాధనకి వెళ్ళిన చర్చి.

అమ్మేశారని ఎప్పుడో విన్నాను గాని లోపలికి వెళ్ళడం ఇదే మొదలు. పాస్టరు ఎక్కి ప్రసంగం చెప్పే పుల్పిట్ ఉండే గోడ నిండా ఇప్పుడు రంగురంగుల ప్లాస్టిక్ రాళ్ళు. పిల్లలు గబ్బిలాల్లా వేలాడుతున్నారు. కిటికీలు మాత్రం అవే. బొమ్మలూ రంగులూ లేని, పొడుగాటి ఉత్త గాజు కిటికీలు.

"మమ్మీ, యూ ఓకే?" అంది మా అమ్మాయి.

"నేను నీ అంత ఉన్నప్పుడు మీ చిన్నమ్మమ్మ పెళ్ళి ఇక్కడే జరిగిందే."

"గ్రాండ్," అని, అంటే ఇక్కడి మాటలో బాగుందిలే అని, హెల్మెట్ బిగించుకుని ఎక్కేసింది. దానికి వినే తీరిక లేదు. నాకా, చెప్పకుండా ఉండే ఓపిక లేదు.

మా ఇంట్లో ఈ ఐరిష్ గడ్డకి మొదట వచ్చింది పిన్ని, అమ్మ చెల్లెలు. నర్సు. తర్వాత అమ్మ నర్సుగానే వచ్చింది, ఆ తర్వాత నాన్నా నేనూ. పిన్ని వచ్చిన కొత్తలో నర్సులందరూ కలిసి ఒక అద్దె ఇంట్లో ఉండేవారు. గదికి ఇద్దరు ముగ్గురు, డ్యూటీలు మారినప్పుడల్లా మంచాలు మారడం. ఏడుపొస్తే ఏడవడానికి కూడా చోటు లేని ఇల్లు అది. ఒక ఆదివారం ఉదయం, వానకి తడవకుండా నిలబడదామని పిన్ని ఈ గుడి వాకిట్లో ఆగిందట. లోపల్నుంచి ఒక ముసలావిడ వచ్చి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, ఒక మూల కూర్చోబెట్టి, చేతిలో పిప్పరమెంటు బిళ్ళ పెట్టిందట.

ఆ కూర్చోబెట్టిన చోటు గురించి చెప్పాలి. అక్కడ బెంచీలు మనం చూసే బెంచీలు కావు. బెంచీ చుట్టూ భుజాలెత్తు చెక్క గోడలు, ఒక తలుపు, తలుపుకి గడియ. కుటుంబానికొకటి చొప్పున గుడి నిండా అలాంటి చెక్క గదులే. పిన్ని లోపలికెళ్ళి గడియ వేసుకుంది. పాట అయ్యేదాకా, ప్రసంగం అయ్యేదాకా హాయిగా ఏడ్చుకుంది. ఎవరూ తొంగి చూడలేదు. "ఈ దేశంలో నాకంటూ నాలుగు చెక్కలు దొరికింది అప్పుడే," అనేది తర్వాత.

ఆ ముసలావిడ రిటైరైన టీచరు. గుడి తాళాలన్నీ ఆవిడ దగ్గరే ఉండేవి, అందులో ఒకటి అరచెయ్యంత. అందుకని మేం ఆవిడకి తాళాల ఆంటీ అని పేరు పెట్టాం. వాళ్ళ పూర్వీకులు స్కాట్లండ్ నుంచి సముద్రం దాటొచ్చి ఇక్కడ వ్యవసాయంలో దిగి, అక్కడ తమ ఊళ్ళో గుడి ఎలా ఉండేదో అచ్చం అలాగే ఇక్కడా కట్టుకున్నారట. మనవాళ్ళు ఎక్కడికెళ్ళినా ఆవకాయ జాడీ మోసుకెళ్ళినట్టు వాళ్ళు గుడి ప్లానే మోసుకొచ్చారు. మా రోజులకి ఆ సంఘంలో మిగిలింది గుప్పెడు మంది ముసలివాళ్ళు. పొద్దున వాళ్ళు ఆరాధన చేసుకుని వెళ్ళేవారు. పిన్ని మాట మీద మధ్యాహ్నం తాళంచెవి మా తెలుగు సంఘానికి ఇచ్చేవారు.

మొదటిసారి లోపలికి అడుగుపెట్టినప్పుడు నాకు గుడిలో ఉన్నట్టే అనిపించలేదు. మా ఊళ్ళో గుడి అంటే గుమ్మంలోంచి తిన్నగా ఒక దారి, దారి చివర ఆల్టర్, దాని మీద సిలువ, దారికి అటు మగవాళ్ళ చాపలు, ఇటు ఆడవాళ్ళ చాపలు. ఇక్కడ ఆల్టర్ ఉండాల్సిన ఎదురుగోడకి ఉన్నది ఇంకో తలుపు, గుడి అడ్డంగా పడుకున్నట్టు ఉంది. పొడుగ్గోడకి సరిగ్గా మధ్యలో, మనిషి తల కంటే ఎత్తున పుల్పిట్. దాని పైన గొడుగులా ఒక చెక్క కప్పు. పాస్టరు మాట పైకి ఎగిరిపోకుండా కిందికి నెట్టడానికట. పుల్పిట్‌కి కుడివైపు ఒక రెక్క, ఎడమవైపు ఒక రెక్క, ఎదురుగా ఇంకో రెక్క. ఎవరు ఎక్కడ కూర్చున్నా అందరి మొహాలూ పాస్టరు వైపే. కునుకు తీసేవాడికి దాక్కోడానికి చోటే లేదు.

మా పెద్దవాళ్ళకి మాత్రం అది మనకోసమే కట్టినట్టు అనిపించింది. కుడి రెక్క మగవాళ్ళకి, ఎడమ రెక్క ఆడవాళ్ళకి అని ఎవరూ చెప్పకుండానే సర్దుకున్నారు. మూడో రెక్కలో ఉన్న మిద్దె పిల్లలకి. ఆ మిద్దెకి మెట్లు గుడి లోపల్నుంచి లేవు. బయట గోడకి ఆనుకుని రాతి మెట్లున్నాయి. అంటే ఒకసారి మేం పైకెక్కితే, మమ్మల్ని గదమాయించాలనుకున్న తల్లి చెప్పులేసుకుని, వానలోకి వెళ్ళి, మెట్లెక్కి రావాలి. అంత ఓపిక ఏ తల్లికీ ఉండేది కాదు. కట్టినవాడెవడో పిల్లల పక్షం మనిషి.

చెప్పులంటే గుర్తొచ్చింది. మేం అలవాటు ప్రకారం వాకిట్లోనే చెప్పులు విడిచేవాళ్ళం. నేల రాతి పలకలది, మంచుగడ్డే. అందుకని పట్టుచీరల కింద రెండేసి జతల ఉన్ని సాక్సులు. తాళాల ఆంటీ వాకిట్లో చెప్పుల గుట్ట చూసి, మరుసటి ఆదివారానికి తనవీ విడిచేసి వచ్చింది. గుడి వాసన నాకు ఇప్పటికీ ముక్కులోనే ఉంది. తడిసిన ఉన్ని, చెక్క పాలిష్, కొబ్బరినూనె, వెనకగదిలో మూతపెట్టిన గిన్నెల్లోంచి పులిహోర.

మిద్దె మీద నాకు జోడీ పాస్టరుగారి అమ్మాయి. పాస్టరుగారు వారమంతా ముసలివాళ్ళని చూసుకునే ఒక నర్సింగ్ హోమ్‌లో కేరర్‌గా చేసి, ఆదివారం మా పాస్టరయ్యేవారు. వాళ్ళమ్మాయి ఇక్కడే పెరిగింది. నేను తెలుగులో అడిగితే అది ఐరిష్ యాసలో ఇంగ్లీషులో జవాబు చెప్పేది. మా ఇద్దరికీ మాత్రమే తెలిసిన ఒక సంగతుంది. మిద్దె మీద నుంచి చూస్తే పుల్పిట్ గొడుగు పైభాగం కనబడుతుంది. కింద ఉన్నవాళ్ళకి కనబడదు. అమ్మ నా కోటు జేబులో వేయించిన శనగలు పోసి పంపేది, నోరు కట్టేసుకుంటానని. అవి మేం గురి చూసి గొడుగు మీదికి విసిరేవాళ్ళం. టక్ మనేది. పాస్టరుగారు ఒక్క క్షణం ఆగి, పైకి చూసి, "పాత చెక్క కదండీ, చలికి పగులుతూ ఉంటుంది," అని మళ్ళీ అందుకునేవారు.

అలా సాగుతుండగా పిన్నికి పెళ్ళి కుదిరింది. కాబోయే బాబాయి డబ్లిన్ పక్కన టాలట్‌లో ఉండేవాడు, అతనూ నర్సే. నెమ్మదస్తుడు. పిన్ని అతన్ని అడిగింది ఒక్కటే, పెళ్ళి ఈ గుడిలో జరగాలని. అతను సరే అన్నాడు. పెళ్ళికి కొన్ని వారాల ముందు వాళ్ళమ్మగారు గోదావరి జిల్లా నుంచి దిగారు. వరసకి నాయనమ్మే గాని, పిన్ని తరఫు కాబట్టి నేను కొత్త అమ్మమ్మ అనేదాన్ని. జరీ అంచు చీర మీద కొడుకు స్వెట్టరు, దాని మీద శాలువా, మొత్తం మీద చిన్న కొండలా ఉండేది. ఊళ్ళో కోత పండగకైనా క్రిస్మస్‌కైనా గుడి భోజనాల పెత్తనం ఆవిడదే. ఆవిడ ఉండగా ఆకలితో ఇంటికెళ్ళినవాడు లేడని పేరు.

అమ్మ ఆవిణ్ణి గుడి చూపించడానికి తీసుకొచ్చింది, వెంట బాబాయి, పిన్ని, నేను. ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇదేం గుడమ్మా? సిలువ లేదు, ఆల్టర్ లేదు. ఈ పెట్టెలేంటి, కోర్టులో బోనుల్లాగ?"

"వాళ్ళ పద్ధతి అలాగండి అత్తయ్యగారూ. అంతా సాదాగా ఉంచుకుంటారు," అంది అమ్మ.

"సరే. నడిమి దారేదీ?"

నడిమి దారి నిజంగానే లేదు. తలుపులు గుడికి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. మధ్యలో ఒక తలుపు దగ్గర్నుంచి రెండో తలుపు దాకా ఒకే పొడుగాటి పెట్టె బెంచీ, దానికి అటూ ఇటూ సన్నటి సందులు. పుల్పిట్ వైపు తిన్నగా నడిచొచ్చే వీలే లేదు.

"అయితే నా కోడలు పీతలాగ అడ్డంగా నడిచి రావాలా? ఊళ్ళో నలుగురూ వీడియో చూస్తారమ్మా. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనరూ?"

డబ్లిన్‌లో ఆవిడ ఒక పెద్ద గుడి చూసొచ్చిందట. గుమ్మం నుంచి ఆల్టర్ దాకా ఎర్ర తివాచీ పరిచి ఉందట. పెళ్ళి అక్కడ, లేదంటే ఏదైనా హోటల్లో. బాబాయి తన సాక్సుల వైపు చూసుకుంటూ నిలబడ్డాడు. తల్లికి ఎదురు చెప్పడం అతనికి చేతకాదు.

ఇంటికి రాగానే పిన్ని వంటింట్లో గిన్నె ఠపీమని పెట్టింది. "నేను దిక్కులేకుండా ఏడ్చింది అక్కడ. నవ్వుతూ నిలబడాల్సింది కూడా అక్కడే. కాదంటే ఈ పెళ్ళే వద్దు."

"నోరు ముయ్యవే," అంది అమ్మ. "తివాచీ కోసం సంబంధం చెడగొట్టుకుంటారా ఎవరైనా?"

"తివాచీ కోసం అంటోంది ఆవిడ. నేను కాదు."

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని ఊరికే అన్నారా? ఆ వారమంతా మా ఇంట్లో అన్నం కూడా నెమ్మదిగా ఉడికినట్టు ఉండేది. నాకు భయం వేసింది. బాబాయి నాకు బాగా నచ్చాడు. మిఠాయి తెస్తే లెక్కపెట్టకుండా పెట్టెతో ఇచ్చేసేవాడు.

ఈ గొడవేమీ తెలియని తాళాల ఆంటీ ఆ శనివారం పెళ్ళివారందర్నీ టీకి పిలిచింది. గుడి వెనకగదిలో కెటిల్ పెట్టి, ప్రెస్‌లోంచి, అంటే ఇక్కడివాళ్ళ బీరువాలోంచి, పూల కప్పులు తీసింది. ఎండు ద్రాక్ష కేకు కోసింది. కొత్త అమ్మమ్మ మర్యాద కోసం వచ్చింది, ఇక్కడ పెళ్ళి వద్దని మర్యాదగానే చెప్పడానికి వచ్చింది. ఇంగ్లీషు రాదు కాబట్టి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. మాటలు నావే గాని ఇద్దరికీ ఒక మాట కలిసింది. ఈవిడ గోదావరి జిల్లా మనిషి, అవునంటే "ఆయ్" అంటుంది. ఆవిడ స్కాట్లండ్ మూలం, అవునంటే ఆవిడా "ఆయ్" అంటుంది. ఇద్దరూ ఆయ్ ఆయ్ అనుకుంటూ కేకు తిన్నారు.

మాట ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియక కొత్త అమ్మమ్మ తనకి తెలిసిన దగ్గర్నుంచే మొదలుపెట్టింది. "భోజనాలు ఎక్కడ పెడతారో అడగవే."

అడిగాను. ఈ గదిలోనే, కానీ చిన్నది, అందరూ పట్టరు అంది తాళాల ఆంటీ.

"పట్టకపోతే బంతులు వేస్తాం, అదేమంత పని? చెప్పు," అంది కొత్త అమ్మమ్మ.

బంతి అంటే ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియదు. చేతులు ఊపుతూ చెప్పాను. అందరూ వరసగా కూర్చుంటారు. పెద్దవాళ్ళు వడ్డిస్తారు. తిన్నవాళ్ళు లేస్తే తుడిచి, తర్వాతివాళ్ళు కూర్చుంటారు. అందరూ అయ్యేదాకా అలాగే.

తాళాల ఆంటీ కప్పు కింద పెట్టేసింది. "మేమూ అలాగే చేసేవాళ్ళం," అంది. "రండి."

గుడి మధ్యనున్న ఆ పొడుగాటి పెట్టె బెంచీ దగ్గరికి తీసుకెళ్ళింది. నడుం వంచి, కింద చెయ్యి పెట్టి తడిమి, ఒక చెక్క మేకు లాగింది. అది రాలేదు. బాబాయి వచ్చి లాగాడు, వచ్చింది. ఇంకోటి, ఇంకోటి. మధ్యలో నిలబడి ఉన్న చెక్క గోడ మెల్లగా వాలి పడుకుంది. అది గోడ కాదు, బల్ల. గుడి ఈ చివర్నుంచి ఆ చివరకి ఒకే బల్ల, దానికి అటూ ఇటూ బెంచీలు.

ఎప్పుడో చిన్నప్పుడు ఒక్కసారి వాళ్ళ నాయనమ్మతో కలిసి ఆ బల్ల దించగా చూసిందట ఆంటీ. నాయనమ్మ రోజుల్లో రొట్టే ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల పండగకి పొలాల నుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవారట. గొర్రెల కుక్కలు కూడా వెంట వచ్చి బెంచీల కింద పడుకునేవట. బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి, ఒక వరస కూర్చుని, రొట్టె చేతి నుంచి చేతికి అందించుకుని, లేచి, ఇంకో వరసకి చోటిచ్చేవారట. పొద్దువాలేదాకా. నేను ఒక్కో ముక్కా తెలుగు చేసి చెబుతుంటే కొత్త అమ్మమ్మ కదలకుండా వింది.

"వడ్డించేవాళ్ళు ఎప్పుడు తినేవారో అడుగు."

అడిగాను.

"అందరి తర్వాత," అంది తాళాల ఆంటీ.

కొత్త అమ్మమ్మ శాలువా సర్దుకుని ఆ బెంచీ మీద కూర్చుంది. బల్ల మీద దుమ్ము అరచేత్తో ఒకసారి తుడిచింది. "ఆయ్," అంది. తర్వాత పిన్ని వైపు తిరిగి, "పెళ్ళి ఇక్కడేనమ్మా. భోజనాలు కూడా ఆ గదిలో కాదు, ఈ బల్ల మీదే. ఆవిడ్ని ఒప్పించు," అంది. పిన్ని ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి ఒళ్ళో తల పెట్టేసింది. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ కెటిల్ పెట్టే వంకతో లోపలికి పోయింది.

ప్రభువు బల్ల మీద బిర్యానీయా అని వాళ్ళ సంఘం పెద్దల్లో ఒకాయన గొణిగాడట. బల్ల ఉన్నది తినడానికే అని తాళాల ఆంటీ ఆయన నోరు మూయించింది. టీచరు కదా, ఆయనా ఒకప్పుడు ఆవిడ క్లాసులో పిల్లవాడే. ఒక్క షరతు పెట్టారు. పసుపు మరక పడకూడదు కాబట్టి పులుసు వద్దు. "పులుసు లేని పెళ్ళా?" అని కొత్త అమ్మమ్మ బుగ్గలు నొక్కుకుంది. చివరికి బల్ల మీద దళసరి ప్లాస్టిక్, దాని మీద రెండు దుప్పట్లు పరిచేలాగ ఒప్పందం కుదిరి, వంకాయ పులుసు బతికిపోయింది.

నడిమి దారి సంగతి కూడా కొత్త అమ్మమ్మే తేల్చింది. "తలుపులు రెండున్నాయి కదా. అబ్బాయి అటునుంచి, అమ్మాయి ఇటునుంచి వస్తారు. పిల్ల ఒక్కతే ఎందుకు అంత దూరం నడవాలి?"

పెళ్ళిరోజు గాలీ వానా పోటీ పడ్డాయి. తాళాల ఆంటీ గంట తాడు లాగింది. నాన్న డోలక్ అందుకున్నాడు. తెల్ల చీర, దాని కింద తెల్ల ఉన్ని సాక్సులు, పిన్ని ఈ తలుపులోంచి బయల్దేరింది. ఆ తలుపులోంచి బాబాయి. వీడియో అతను ఎవరి వెనకాల పోవాలో తెలియక బల్ల చివర గిరగిరా తిరిగాడు. బల్లకి అటూ ఇటూ చుట్టాలు, ముందువైపు సందులో ఇద్దరూ నడిచొచ్చి పుల్పిట్ కింద కలుసుకున్నారు. అంత సిగ్గరి బాబాయి పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

మిద్దె మీద నుంచి పూలరేకులు చల్లే పని మాది. మేం చల్లినవి సగం గొడుగు మీదే పడ్డాయి. పాస్టరుగారు "ఆమేన్" అంటూ పుల్పిట్ మీద ఒక్క గుద్దు గుద్దేసరికి, గాలికి అదిరిందో ఏమో, గొడుగు మీంచి పూలరేకులూ, వాటి వెనకే మా శనగలూ ఆయన బట్టతల మీద జలజలా రాలాయి. ఆయన ఒక శనగ తీసి వాసన చూసి, మిద్దె వైపు చాలాసేపు చూశారు. పెళ్ళి పూట కాబట్టి వదిలేశారు. మర్నాడు వదల్లేదు.

తర్వాత బంతులు. కొత్త అమ్మమ్మ కొంగు బొడ్లో దోపి, స్వెట్టరు చేతులు పైకి మడిచింది. "జరగండి, జరగండి, ఇంకొకరు పడతారు." మొదటి బంతిలో ఆ సంఘం ముసలివాళ్ళని కూర్చోబెట్టింది. గొణిగిన పెద్దాయన పులుసు రెండోసారి అడిగాడు. ఒక ముసలి రైతు చెంచా పక్కన పెట్టి చేత్తో కలపబోతే, నాన్న ఎదురుగా కూర్చుని ముద్ద ఎలా చెయ్యాలో చూపించాడు. ఒక వరస లేవడం, తుడవడం, ఇంకో వరస కూర్చోవడం. కిటికీల్లో వాన ఆగి వెలుగొచ్చింది. డండాక్ వాళ్ళు, టాలట్ వాళ్ళు, కార్లో అనే ఊరి నుంచి వచ్చిన స్టూడెంట్లు, ఆకలితో ఎవరూ మిగల్లేదు.

చివరి బంతికి వడ్డించినవాళ్ళం మిగిలాం. కొత్త అమ్మమ్మ, తాళాల ఆంటీ, అమ్మ, పాస్టరుగారి భార్య, నీళ్ళు పోసిన మేమిద్దరం. పెళ్ళికూతురు కూడా. వద్దంటే వినకుండా పిన్ని అందరికీ గారెలు వడ్డించింది. బాబాయి గరిటె పట్టుకుని మాకు వడ్డించడానికి నిలబడ్డాడు. కొత్త అమ్మమ్మ తన పళ్ళెంలో మంచి ముక్క తీసి పిన్ని పళ్ళెంలో వేసింది.

"నీ మూల ఏదమ్మా?" అంది.

పిన్ని చూపించింది. ఆవిడ తింటున్నదల్లా ఎంగిలి చేత్తోనే లేచి వెళ్ళి, ఆ చెక్క తలుపు తెరిచి, లోపలికి చూసి వచ్చి కూర్చుంది. "చిన్నదే," అంది. "ఇంక అక్కడ కూర్చోకు." పిన్ని నవ్వింది, తాళాల ఆంటీకి నేను ఇంగ్లీషులో చెబితే ఆవిడా నవ్వింది.

ఆ తర్వాత ఆ ముసలివాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు, గుడి మూసేశారు. మా సంఘానికి హీటింగ్ ఉన్న స్కూలు హాలు దొరికింది, సాక్సుల అవసరం తీరిపోయింది. కొత్త అమ్మమ్మ వీడియో ఊళ్ళో చూడనివాళ్ళంటూ లేకుండా చూపించి, హాయిగా బతికి వెళ్ళిపోయింది. తాళాల ఆంటీ పోయే ముందు పిన్ని వెళ్ళి చూసొచ్చింది. మీ పెళ్ళి తర్వాత ఆ బల్ల మళ్ళీ ఎప్పుడూ దించలేదు అందట ఆవిడ.

ఎన్ని తరాలవాళ్ళు, ఒకరు లేస్తే ఒకరు, అక్కడ కూర్చున్నారో. అందరి తర్వాత కూర్చున్నది మేము. ఆ బల్లకి అదే ఆఖరి బంతని ఆ పూట ఎవరికీ తెలియదు. గిన్నెల్లో ఇంకా బోలెడు మిగిలుంది, వీధిలో నడిచి పోయేవాళ్ళు కూడా ఉన్నారు. తెలిసుంటే ఇంకో బంతి వేసేవాళ్ళం.